ఐడెల్ దాచుకున్న నీళ్ళు

దక్షిణ యూటా ఎడారిలో రోడ్డు వదిలి నదికి దిగే ఆ దారికి గుర్తులేవీ లేవు. నున్నటి ఎర్రరాతి మీద ఎవరి అడుగూ నిలవదు. మ్యాపు, కంటిచూపు, ముందు వెళ్ళొచ్చినవాళ్ళ మాట, అంతే ఆధారం. గార్త్ ఆ మాటనే నమ్మాడు. లోయ మొదట్లో ఉన్న రాతిదొనలో ఎండాకాలం దాకా నీళ్ళుంటాయని భార్య మార్వాకు ఘంటాపథంగా చెప్పాడు.

"ఇంకో రెండు సీసాలు పెట్టుకుందాం. బరువైతే నేనే మోస్తాలే," అంది మార్వా బయల్దేరేటప్పుడు.

"నీకు అన్నిటికీ భయమే!"

తీరా చూస్తే దొన ఎండిపోయి ఉంది. అడుగున బీటలు వారిన బురద, ఒక చచ్చిన బల్లి. మార్వా సీసా ఎత్తి, నీళ్ళెన్ని మిగిలాయో చూసింది. ఆ చూడడమే గార్త్‌కు ఒళ్ళు మండించింది. "ఇక్కడే కూర్చో, చుట్టుపక్కల చూసొస్తా," అని ఒక్కడే వెళ్ళాడు.

ఒక చరియ కింద నీడలో, పేర్చిన రాళ్ళ వెనక రెండు పెద్ద నీళ్ళ డబ్బాలు కనిపించాయి. మీద అంటించిన టేపు మీద 'ఐడెల్. ఇదే దారిన తిరిగొస్తాను. ముట్టుకోవద్దు' అని రాసి ఉంది.

నిజానికి వాళ్ళు ప్రాణాల మీదికి వచ్చిన స్థితిలో లేరు. ఒక సీసా మిగిలే ఉంది. పొదుపుగా తాగితే నది చేరిపోవచ్చు. కానీ వట్టి చేతులతో వెళ్ళి మార్వాతో 'నువ్వన్నదే నిజం' అనాలి. గార్త్ మూతలు తిప్పాడు. తన నీళ్ళసంచి నింపుకున్నాడు, కడుపునిండా తాగాడు, మిగిలినవి నెత్తిన పోసుకున్నాడు. ఖాళీ డబ్బాలు ఉన్నచోటే పెట్టి, రాళ్ళు మళ్ళీ ఎప్పటిలాగే పేర్చాడు.

"ఊట దొరికింది!" అన్నాడు తిరిగొచ్చి.

మార్వా మొహం వెలిగిపోయింది. "అబ్బ! మనసులో నిన్నెన్ని తిట్టుకున్నానో! సారీ గార్త్." అతని తడిజుట్టు నిమిరింది.

మర్నాడు ఉదయం నది వైపు నుంచి ఒకావిడ ఎక్కుతూ ఎదురైంది. అరవై దాటి ఉంటాయి. మోకాలికి పట్టీ, ఎండకు పగిలిన పెదాలు. అయినా నవ్వుతోంది.

"మనుషులే! ఎండకి నా బుర్ర పాడైందేమో అనుకున్నా. నా పేరు ఐడెల్."

గార్త్ బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. అది ఊడలేదు.

"మీ దగ్గర నీళ్ళున్నాయా?" అంది మార్వా.

"గుక్కెడున్నాయి. ఫర్లేదమ్మా, పైన చరియ కింద దాచుకున్నా."

"అక్కడ ఊట కూడా ఉంది కదా! మా ఆయనే కనిపెట్టాడు."

"ఊటా? ఆ బండల్లోనా?" ఐడెల్ నవ్వబోయి, గార్త్ వైపు చూసి ఆగిపోయింది. మార్వా కూడా తిరిగి చూసింది.

"ఊట లేదు," అన్నాడతను తలెత్తకుండానే. "మీవే. రెండు డబ్బాలూ."

"మరి డబ్బాలేం చేశావయ్యా?"

"అక్కడే పెట్టి... రాళ్ళు మళ్ళీ పేర్చాను."

"అంటే నేను అంతదూరం ఎక్కి, రాయి తీసి చూసేదాకా నాకు తెలియకూడదనా?"

ఆవిడ అరవలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. గార్త్ చెవులు కాలిపోయాయి. మార్వా తన సీసా తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "నేనూ తాగానండీ. తెలియక తాగాను," అంది.

ఐడెల్‌కు మళ్ళీ నదికి దిగడం తప్ప గత్యంతరం లేకపోయింది. బండలు పట్టుకుని, ఆ మోకాలితో ఆవిడ వేసే ఒక్కో అడుగూ గార్త్ వెనక నుంచి చూస్తూనే ఉన్నాడు. దారంతా ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు, అతనితో ఎవరూ మాట్లాడలేదు. నది ఒడ్డున సంచులన్నీ నింపి, "చరియ దాకా నేను మోస్తాను," అన్నాడు.

"మొయ్యక ఏం చేస్తావు!" అంది ఐడెల్.

మర్నాడు మార్వా నది దగ్గరే ఉండిపోయింది. చరియ కింద ఐడెల్ తనే రాళ్ళు తీసి, ఖాళీ డబ్బాలు నింపుకుంది. తర్వాత ఒక కప్పు నీళ్ళు ముందుగా అతనికే అందించింది. "తాగు. ఎండలో దిగాలి కదా."

దానికన్నా ఆవిడ చెంపదెబ్బ కొట్టినా బాగుండుననిపించింది. అతను కప్పు ఖాళీ చేసేదాకా ఆవిడ అక్కడే నిలబడింది.

ప్రయాణం ఎలా జరిగిందని ఇంటిదగ్గర ఎవరడిగినా మార్వా, "బాగుంది, ఎండ ఎక్కువ," అంటుంది. అలా అన్నప్పుడల్లా గార్త్ తల దించుకుంటాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ ఇప్పుడు అతను ఏదైనా గట్టిగా చెబితే, "అలాగా," అని లేచి, తనే వెళ్ళి చూసుకుని వస్తుంది.