ఎమ్ దాకా నలిగిన నిఘంటువు

నేను ఒక లావుపాటి ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుని. విజయవాడలో అచ్చయ్యాను. నన్ను మొదట కొన్న లెక్చరరుగారు అద్దాల బీరువాలో అందరికీ కనిపించేలా నిలబెట్టి, ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా తెరవలేదు. చదువంటే మనుషులకు అంత గౌరవం. ఆయన పోయాక బొబ్బిలిలో పాత పేపర్ల కొట్టుకు చేరాను.

అక్కడ నన్ను ఏరుకున్నది పైడితల్లి. ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఆయా. గదులు తుడుస్తూనే దూరవిద్యలో బి.ఏ. పూర్తిచేసి, ఆ బడిలోనే ఇంగ్లీషు టీచరు కావాలని పట్టుబట్టింది. పెద్ద పెద్ద మాటలు రావాలంటే నన్ను మొదటి పేజీ నుంచి వరసగా కంఠతా పట్టాలనుకుంది, విష్ణుసహస్రనామంలా. ఆ తెలివికి నవ్వొచ్చినా, నాకు ఆమె అంటే ప్రాణం. రెండేళ్లు రోజుకు పది గట్టి మాటలు మింగింది. ఉద్యోగం ఇచ్చేముందు పరీక్షగా చెప్పించే డెమో క్లాసు నాటికి ఎమ్ దగ్గరున్నాం. నా ముందు సగానికి పసుపు మరకలు, ఫినాయిలు వాసన. వెనక సగం పేజీలు అంటుకుపోయే ఉన్నాయి. ఈ క్లాసు తేలిపోతే ఆమెకు మళ్లీ చీపురే.

ఎనిమిదో తరగతి. వెనక బెంచీలో కరస్పాండెంటుగారు. పాఠం హాయిగా సాగుతుండగా ఒక పిల్ల లేచి, 'రిలక్టెంట్' అంటే ఏమిటని అడిగింది. ఆర్. మేమింకా చేరని ఊరు. నా అట్టలు బిగుసుకుపోయాయి.

పైడితల్లి తడబడలేదు. సంచీలోంచి నన్ను తీసింది.

"నాకూ తెల్దమ్మా. ఇలా రా, ఇద్దరం సూద్దాం."

అంటుకున్న పేజీలు విడదీశారు. 'అయిష్టంగా' అని ఆ పిల్లే పైకి చదివింది. "ఇయాల బడికి అలా వచ్చినోళ్లు ఎవర్రా?" అని పైడితల్లి అడిగితే పదకొండు చేతులు లేచాయి.

కరస్పాండెంటుగారు మొహం చిట్లించారు. "టీచరే డిక్షనరీ చూస్తే పిల్లలేటనుకుంటారు?"

"ఆళ్లూ సూస్తారు సార్."

ఆయన అప్పటికే నా చుట్టూ మూగిన పిల్లల్ని చూసి, ఆ ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. ఎలా ఇచ్చారో నా ఆర్ పేజీలో రాసుంది.

ఇప్పుడు నా చోటు ఆ క్లాసు బల్లమీద. నిన్న జెడ్ పేజీ మీద ఎవరిదో ఆవకాయ వేలు పడింది. ఇక నాలో ఎవరూ ముట్టని పేజీ లేదు.