మూడో పొద్దు మందు

శంకరవ్వ కొంగు బొడ్లో దోపుకుని, నోరు మెదపకుండా చేనుగట్టు మీద నడుస్తోంది. వెనకాలే కోడలు బాలలక్ష్మి. పసిరికల మందుకు, అదే కామెర్ల మందుకు, ఆకు తెంపబోయేటప్పుడు, ఇల్లు కదిలింది మొదలు తిరిగి గడప దాటేదాకా మాట్లాడకూడదు. ఆకు పేరు కూడా ఎవరికీ చెప్పకూడదు. చెబితే మందు పనిచెయ్యదట. అందుకే నేనూ చెప్పడం లేదు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడు అది. ముప్పై ఏళ్లుగా, కళ్లు పచ్చబడిన వాళ్లందరికీ శంకరవ్వ అరుగే దిక్కు. ఇప్పుడు ఆమె కళ్లకే మసక కమ్మింది. విద్య అప్పజెబుదామంటే ఇంట్లో ఉన్నది ఈ కోడలొక్కతే. బంగారంలాంటి పిల్లే గాని నోట్లో నువ్వుగింజ నానదు. మందు తనతోనే మట్టిలో కలుస్తుందేమోనని ముసలామె బెంగ.

ఇవాళ్టిది బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే అంతయ్యకు రెండో పొద్దు మందు. చెల్లెలింట్లో దిగి వేసుకుంటున్నాడు. మూడు పొద్దులూ వరసగా పడాలి. ఒకటి తప్పినా మొదటికే మోసం.

శంకరవ్వ వంగి ఒక మొక్కను పట్టుకుంది. ఆకు అదే తీరు, కాడ మాత్రం ఎర్రది. ఆమెకు ఆ ఎరుపు ఆనలేదు. బాలలక్ష్మి నోరు తెరిచి, టక్కున మూసుకుంది. అత్త చెయ్యి పట్టి జానెడు అవతలి మొక్క మీద పెట్టింది. శంకరవ్వ వేళ్లు ఆకు కింది ఆవగింజలంత కాయలను తడిమాయి. అదే మొక్క. తను చెప్పకుండానే కోడలు ఎన్నాళ్లుగా చూసి నేర్చుకుందో! ముసలామెకు కడుపు నిండిపోయింది.

గడప దాటాక అడిగింది. "గింతసేపు మాట్లాడకుంట ఎట్లున్నవే?"

"కడుపుబ్బిందత్తా."

శంకరవ్వ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. అంతయ్యకు మందు కోడలి చేతే ఇప్పించింది. "రేపటి పొద్దు తప్పొద్దు బిడ్డా. ఇంట్ల పురుడైనా సావైనా మందుకు మైల లేదు" అని చెప్పింది.

తెల్లారి అత్తను లేపబోయిన బాలలక్ష్మికి చల్లటి పాదాలు తగిలాయి. నిద్రలోనే పోయింది.

చుట్టుపక్కల ఆడవాళ్లు చేరి ఏడుస్తుంటే, బాలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. "అత్త పోతే గూడ గొంతు లేస్తలేదు, గిదేం కోడలే?" అంది పక్కింటి ఐలవ్వ.

బాలలక్ష్మి ఆకుతో తిరిగొచ్చింది. అరుగు మీద కూర్చుని నూరి, వాకిట్లో తటపటాయిస్తున్న అంతయ్య అరచేతిలో ముద్ద పెట్టింది. అతను మింగేదాకా చూసింది. అప్పుడు లోపలికి పోయి, అత్త కాళ్ల మీద పడి ఊరంతా వినబడేట్టు ఏడ్చింది.

అరుగు మీద, శంకరవ్వ ముప్పై ఏళ్లు నూరి గుంట చేసిన రాతి కల్వం ఇంకా పచ్చగా, తడిగా ఉంది.