పచ్చ కారు దాచిన మాట

నేను ఒక ఇంగ్లండు కారును. పైకప్పు లేకుండా, ఇద్దరికే చోటుండే ఆకుపచ్చ పందెపు కారును. లోపల చెక్క చట్రం, పైన రేకు, ముందు మొండి ఇంజను. ఓడెక్కి విశాఖ చేరి, పోర్టు ఇంజనీరు సోమరాజు గారి చేతిలో పడ్డాను.

ఊళ్లో నాకు ఈడూజోడూ ఒక్కటే: కంటి డాక్టరు ఇందుమతి గారి ఎర్ర ఇటలీ కారు. ఇంజను నాదానికన్నా చిన్నదే గానీ, గొంతు విప్పిందంటే బీచ్ రోడ్డంతా తల తిప్పి చూసేది. నేను తక్కువ వేగంలోనే బలంగా లాగుతాను. అది ఎంత తోలితే అంత హుషారెక్కేది. మలుపుల్లో నేను బరువుగా ఒరిగేదాన్ని, అది పిల్లిలా జారుకునేది. దానికి తుప్పు, నాకు నూనె కారడం, ఎవరి రోగం వాళ్లది. ఇద్దరికీ వైద్యుడు మాత్రం ఒక్కడే, జాలారిపేట మెకానిక్కు పైడయ్య.

"ఇది ఎద్దు బాబూ, అది గుర్రం. ఎద్దుని గుర్రంలాగ తోలకండి" అనేవాడు.

భీమిలి రోడ్డు మీద మోటారు క్లబ్బు పందెం పెట్టింది. రెండు రోజుల ముందు పైడయ్య నా కింద దూరి చూసి, "నూనె ఆపే సీలు పోనాది బాబూ. కొత్తది వచ్చీదాకా పందేనికి ఎల్లకండి" అన్నాడు.

"నాలుగు చుక్కలు కారితే కొంప మునుగుతుందా?" అని సోమరాజు గారు నవ్వేశారు.

పందెంలో నేను ముందున్నాను. వేడెక్కేకొద్దీ నూనె చుక్కలు ధారై రోడ్డు మీద పడ్డాయి. రుషికొండ మలుపు దాటాను. వెనకే వస్తున్న ఎర్ర కారు టైర్లు కీచుమన్నాయి, ఆపైన రాతిగోడ చప్పుడు. ఇందుమతి గారి కుడి మణికట్టు నుజ్జయింది. ఆమె మళ్లీ ఆపరేషను కత్తి పట్టలేదు. ఎర్ర కారును పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు.

ఎర్ర కారు బ్రేకులు పైడయ్య సరిగ్గా బిగించలేదని ఊరంతా తీర్పు చెప్పింది. అతని షెడ్డుకు మళ్లీ ఎవరూ కారు పంపలేదు. చేపల రేవులో బుట్టలు మోశాడు. సోమరాజు గారు మాత్రం ఆ మధ్యాహ్నమే నా కడుపు కింద నూనె తుడిచేశారు. నోరుంటే నిజం చెప్పేసేదాన్నని నన్ను నేను సముదాయించుకున్నాను. నోరున్న మనిషి మాత్రం చెప్పాడా?

ఇరవై రెండేళ్లకు, రిటైరయ్యాక, ఆయన నన్ను జాలారిపేటకు తోలుకెళ్లారు. పైడయ్య గుమ్మం ముందు నిలబడి అంతా చెప్పేశారు.

"నాకు ఆ దినమే తెలుసు బాబూ. మలుపుకాడ నూనె నేను సూసినాను."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"పనోడి మాట ఎవులు నమ్ముతారు? మీరే సెప్తారని ఎదురు సూసినాను."

అక్కణ్ణుంచి ఇద్దరూ ఇందుమతి గారింటికి వచ్చారు. ఆమె వరండాలోనే నిలబడి చివరిదాకా విన్నారు. సోమరాజు గారి వైపు చూడనైనా చూడలేదు.

"నేనూ నిన్నే అనుమానించాను పైడయ్యా. పిలిచి ఒక్క మాట అడగలేదు. తప్పయిపోయింది, లోపలికి రా" అన్నారు.

పైడయ్య లోపలికెళ్లాడు. తలుపు తెరిచే ఉంది. సోమరాజు గారు కాసేపు మెట్ల మీద తచ్చాడి, వచ్చి నాలో కూర్చుని తాళం తిప్పారు.

మొరాయించడం నాకు కొత్త కాదు. చలికాలం పొద్దుల్లో ఆయనకి ఎన్నిసార్లు చెమటలు పట్టించానో. ఆ ఒక్కసారి మొండికేసి ఉంటే ఆయన తిరిగి ఆ మెట్లెక్కేవారేమో. కానీ నేను మొదటి తిప్పుకే స్టార్టయి, ఆయన్ని అక్కణ్ణుంచి తీసుకొచ్చేశాను.