యానెలిస్ ఆఖరి పోటీ

యానెలిస్ క్యూబా తరఫున ఎయిర్ పిస్టల్ పోటీల్లో కాల్చి పతకాలు తెచ్చిన మనిషి. న్యూజెర్సీకి వచ్చాక మందుల షాపులో పనిచేస్తూ, శనివారాలు ఎడిసన్ దగ్గరి క్లబ్బులో షూటింగ్ నేర్పుతోంది. మా అమ్మాయి జెమీమా ఆమె శిష్యురాలు. నా భార్య వసంత చనిపోయిన ఏడాది, దిగులుతో ఇల్లు కదలని జెమీమాను బయటికి లాగింది ఈమే.

ఈమధ్యే యానెలిస్‌కి అమెరికా పౌరసత్వం వచ్చింది. క్లబ్బులో పెట్టిన పోటీలో మొదటి ముగ్గురిలో నిలిస్తే జాతీయ జట్టు ఎంపికకు వెళ్ళవచ్చు. చూపు మందగిస్తోంది కనుక ఇదే చివరి ప్రయత్నమని చెప్పింది. ఆ ఉదయం వాళ్ళిద్దరినీ నేనే కారులో తీసుకెళ్ళాను.

"పాస్టర్, నాకోసం ప్రార్థన చేశారా?" అంది దారిలో యానెలిస్.

"నేను పాస్టర్ని కాదమ్మా, చర్చిలో సంఘపెద్దని, అంతే."

"అయితే సగమే పనిచేస్తుంది!"

"డాడీ, కోచ్‌ని డిస్టర్బ్ చేయకండి," అంది జెమీమా.

పోటీకి ముందు గురి సరిచూసుకోవడానికి కొంత సమయమిస్తారు. అప్పుడు ఎన్నిసార్లు కాల్చినా లెక్కలోకి రాదు. అందరూ ఆపకుండా కాలుస్తున్నారు. యానెలిస్ రెండుసార్లే కాల్చి పిస్టల్ బల్లమీద పెట్టేసింది. ఆ రెండు చిన్న సీసపు గుళ్ళూ, అంటే పెల్లెట్లు, లక్ష్యం నడిమికి కాస్త కుడిగా పడ్డాయి.

"కోచ్, ఇంకా టైం ఉంది, షూట్ చేయండి!" అంది వెనకనుంచి జెమీమా.

"లెక్కలోకి రానిదానికి ఇన్ని పెల్లెట్లా? నా చేయి ఇంకా నిద్ర లేవలేదు, అంతే."

హవానాలో పెల్లెట్లు దొరకడమే కష్టమట. వారాల తరబడి తెల్లగోడకు గురిపెట్టి ఉత్త ట్రిగ్గర్ నొక్కుతూ సాధన చేసేవారట. అలా నేర్చినవాళ్ళకు తప్పంతా చేతిదే అనిపిస్తుంది. ఈసారి తప్పు పిస్టల్‌ది. ముందురోజు రిపేరు చేయించినప్పుడు గురి పక్కకు జరిగింది.

పోటీ మొదలయ్యాక కూడా పెల్లెట్లు కుడికే పోయాయి. ఆమె పాదాలు సర్దుకుంది, భుజం దించింది, తనను తానే స్పానిష్‌లో తిట్టుకుంది. చాలాసేపటికి గాని పిస్టల్ మీద గురి సరిచేసే స్క్రూ తిప్పాలని తోచలేదు. ఆ తర్వాత హాల్లో ఆమెకన్నా బాగా కాల్చినవారు లేరు. అయినా నాలుగో స్థానమే దక్కింది.

"నేను గట్టిగా చెప్పాల్సింది డాడీ," అంది జెమీమా కళ్ళు తుడుచుకుంటూ.

"చెప్పావు కదమ్మా."

యానెలిస్ గెలిచిన ముగ్గురితోనూ చేయి కలిపి వచ్చింది. "నా పని అయిపోయింది," అంది మామూలుగా. పిస్టల్ పెట్టె మూయబోయి ఆగి, హాలు చూసుకునే ఆయన్ని అడిగింది.

"కాసేపు కాల్చుకోవచ్చా?"

"స్కోరు మెషీన్లు ఆపేశామే."

"నాక్కావలసిందీ అదే."

ఆయన మిగతా లైట్లన్నీ ఆర్పి, ఆమె ముందున్నది మాత్రం ఉంచాడు. యానెలిస్ కాల్చడం మొదలుపెట్టింది. ఎక్కడ పడుతున్నాయో చూడకుండా, ఒకదాని వెంట ఒకటి. జెమీమా పెల్లెట్లు అందిస్తోంది.

"పాస్టర్, రండి, మీరూ ఒకటి!"

వెళ్ళి కాల్చాను. అది లక్ష్యాన్ని తాకనే లేదనుకుంటాను. యానెలిస్ ఇంకో పెల్లెట్ నా చేతిలో పెట్టింది.