అన్న చేతి చాకు

సెలవు రోజు మధ్యాహ్నం భోజనం కాగానే పుస్తకాల బైండరు చెయ్యి కడుక్కుని, బీరువా మీదున్న ఖాకీ గుడ్డ చుట్ట దించుతాడు. అది చూడగానే వంటింట్లోంచి భార్య అందుకుంటుంది.

"వెళ్ళండి, వెళ్ళండి. లోకంలో ఉన్న చాకులన్నీ మీ చంకలో ఉన్నాయి. ఇక్కడ ఈ కత్తి చేసినాయన పోయి ఎన్నేళ్ళయిందో ఏమో, ఉల్లిపాయ కొయ్యాలంటే దాన్ని బతిమాలుకుంటున్నాను. ఒకటి ఇచ్చిపోతే మీ సొమ్మేం పోయింది?"

"అవి కొయ్యడానికి కాదే."

"మరెందుకు, జోలపాడి పడుకోబెట్టడానికా?"

బైండరు గుడ్డ చుట్ట చంకలో పెట్టుకుంటాడు. చెప్పులేసుకుని వీధి చివర గడియారాల షాపుకి నడుస్తాడు. అక్కడ గడియారాలాయన షట్టరు సగం దించి, బల్ల మీద పళ్ళచక్రాలూ స్ప్రింగులూ ఒక పక్కకి తోసి, పచ్చ గుడ్డ పరిచి సిద్ధంగా ఉంటాడు. ఆయనకీ ఇదే పిచ్చి. గోడ మీద గడియారాలు ఒక్కోటీ ఒక్కో టైము చూపిస్తుంటాయి గానీ ఆ పూట ఇద్దరికీ టైముతో పనిలేదు.

చాకులు ఒక్కొక్కటే విప్పుతారు. అన్నీ మడత చాకులు, జేబులో పట్టేవి, ఎవరో ఒక కమ్మరి కొలిమి ముందు కూర్చుని చేత్తో చేసినవి. ముందు చెవి దగ్గర పెట్టుకుని తెరిచిన చప్పుడు వింటారు. మూసినప్పుడు బ్లేడు పిడిలో ఒదిగి కూర్చుందా, సందులోంచి వెలుతురు కనిపిస్తోందా చూస్తారు. తర్వాత అసలు పరీక్ష. పుస్తకాల అంచులు కత్తిరించగా మిగిలిన సన్న కాగితం పోగులు బైండరు జేబు నిండా తెస్తాడు. ఒక పోగుని గాల్లో వేలాడదీసి చాకుని దానికి ఊరికే ఆనిస్తాడు. నొక్కకూడదు. కాగితం తనంతట తను రెండుగా రాలిపోతే ఆ చాకు మంచిది.

ఎంత నొక్కినా తెగకపోతే, ఆ కమ్మరి పోయినట్టు.

ఇందులో వింతేం లేదు, అందరికీ తెలిసిందే. చేసినవాళ్ళు బతికున్నంతకాలం చాకు కోస్తుంది. వాళ్ళు పోయిన ఘడియలో మొండిబారుతుంది. ఆ తర్వాత సానరాయి అరిగిపోయేదాకా నూరినా వెన్నలో కూడా దిగదు. అందుకే కమ్మరి ఇళ్ళల్లో ఎవరైనా పోతే కబుర్లు పంపే అలవాటే లేదు. ఎక్కడివాళ్ళక్కడ పళ్ళు కోస్తూ కోస్తూ "అయ్యో పాపం, మెల్లకన్నాయన పోయినట్టున్నాడు" అనుకుని, ఆ చాకు కడిగి పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంటారు.

గడియారాలాయన బల్ల కింద బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంది. మొండిబారినవన్నీ అందులోకి పోతాయి. ఒకప్పుడు ఆ డబ్బాని ఒంటిచేత్తో లేపేవాళ్ళు. ఇప్పుడు కాలితో తోస్తున్నారు. కొత్తగా చాకులు చేసేవాళ్ళు రావడం లేదు, ఉన్నవాళ్ళు ఉండటం లేదు. ఏదో ఒకరోజు పచ్చ గుడ్డ మీద ఏమీ మిగలదని ఇద్దరికీ తెలుసు.

బైండరుకి ఆ దిగులు అంతగా పట్టకపోవడానికి ఒక కారణం ఉంది. అతని చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చాకు ఉంటుంది. నల్ల కొమ్ము పిడి, బ్లేడు మొదట్లో నెలవంక ముద్ర. అది అతని అన్న ముద్ర.

అన్న కమ్మరి. కుర్రతనంలో బైండరు ఆ కొలిమి దగ్గరే తిత్తి ఊదాడు. చాకు చూడగానే ఇది ఫలానావాళ్ళ చెయ్యి అని చెప్పే కన్ను అతనికి అక్కడే వచ్చింది. ఆ కన్నే కొంప ముంచింది. ఒకసారి సంతలో జనం మధ్య ఎవరో అడిగారు, మీ అన్న చాకు గొప్పదా, అదే సంతలో చాకులమ్మే ఇంకో కమ్మరి పొడుగాయన చాకు గొప్పదా అని. నోరు మూసుకుని ఉండొచ్చుగా? ఉండడు! రెండూ తెరిచి, చప్పుడు విని, కాగితం కోసి మరీ "పొడుగాయనదే" అన్నాడు. అన్న పక్కనే నిలబడి ఉన్నాడు.

"అయితే వెళ్ళి ఆ పొడుగాయనకే తమ్ముడివైపో" అన్నాడు అన్న.

ఇతనేం తక్కువ తిన్నాడా? కట్టుబట్టలతో, అన్న ఎప్పుడో చేసిచ్చిన చాకు ఒకటి జేబులో వేసుకుని బస్సెక్కేశాడు. బైండింగ్ షాపులో చేరాడు, పెళ్ళి చేసుకున్నాడు, తల నెరిసింది. అన్న దగ్గరికి వెళ్దామని అనుకోని రోజు లేదు. కానీ పొద్దున్నే చాకు తీసి కాగితానికి ఆనించేవాడు. కాగితం రాలేది. అన్న బాగానే ఉన్నాడు. ఇంకేం తొందర? వచ్చే నెల వెళ్దాంలే అనుకునేవాడు.

అలా ఉండగా ఒకరోజు పార్సిలు వచ్చింది. చీటీ లేదు, మాట లేదు. లోపల ఈ నల్ల పిడి చాకు. తెరిచిన చప్పుడు వినగానే బైండరుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అన్న క్షమించాడు! పైగా ఇన్నేళ్ళలో చెయ్యి ఎంత తిరిగింది! పాతదానికన్నా ఇది ఎంత బాగుంది! ఆ సంబరంలో పాత చాకుని గడియారాలాయనకిచ్చి ఒక ఇత్తడి పిడి చాకు తీసుకున్నాడు. చాకులు పోగేసేవాళ్ళకి అది మామూలే, మెరుగైనది దొరికితే పాతది చేతులు మారుతుంది. అన్న దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. ఇంత పదునుగా ఉన్న మనిషి ఎక్కడికి పోతాడు?

మొన్నటి సెలవు రోజున పచ్చ గుడ్డ మీద చాకులు మరీ పలచగా ఉన్నాయి. పరీక్షలో ఇంకోటి మొండిదని తేలింది. చూస్తే అది పొడుగాయనది. గడియారాలాయన దాన్ని డబ్బాలో వేసి మొహం వేలాడేసుకున్నాడు. బైండరుకీ జాలేసింది గానీ, లోపల ఏ మూలో చిన్న సంతోషం కూడా కదిలింది. జేబులోంచి నల్ల పిడి చాకు తీశాడు. మామూలుగా దాన్ని ఆ బల్ల మీదకి తేడు. అన్న చాకుని ఇంకొకరి చాకుతో పోల్చడం ఒకసారి చేశాడు, చాలు.

"చూడవోయ్! చివరికి మా అన్నదే గెలిచింది" అంటూ కాగితం పోగుకి ఆనించాడు. కాగితం రెండుగా రాలింది.

గడియారాలాయన రాలిన ముక్కల్ని చూశాడు, చాకుని చూశాడు. "ఇదెవరిది?"

"ఎవరిదేమిటి, మా అన్నది. ముద్ర కనిపించడం లేదా?"

"మీ అన్న పోయి చాలా ఏళ్ళయిందిగా."

"ఛీ, అవేం మాటలు! నోరు కడుక్కో ముందు."

గడియారాలాయన డబ్బా లాగి, అడుగు దాకా చెయ్యిపెట్టి ఒక చాకు తీశాడు. నెలవంక ముద్ర. బైండరు మార్చేసుకున్న పాత చాకు.

"నా చేతికొచ్చిన కొన్నాళ్ళకే మొండిబారింది. నీ దగ్గరా అన్న చాకుందిగా, నీకూ తెలిసే ఉంటుందనుకున్నా. నువ్వెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మానిన పుండు కెలకడం దేనికని నేనూ ఊరుకున్నా."

బైండరు ఆ చాకుని కాగితానికి ఆనించాడు. నొక్కాడు. రుద్దాడు. కాగితం నలిగింది గానీ తెగలేదు.

గడియారాలాయన కంటికి భూతద్దం తగిలించుకుని రెండు చాకులూ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత భూతద్దం తీసి బైండరుకిచ్చాడు. "వీపు చూడు."

బ్లేడు వీపున, ఇనుము అరగదీసే ఆకురాయితో రాకిన గీతలున్నాయి. పాత చాకు మీద అవి కుడివైపు వాలాయి. కొత్తదాని మీద ఎడమవైపు వాలాయి.

"ఇది ఎడమచేతివాటం మనిషి పని" అన్నాడు గడియారాలాయన మెల్లగా.

ఎవరు ఏ చాకు తెచ్చినా చేసిన చెయ్యేదో చిటికెలో చెప్పే బైండరు, రోజూ తన జేబులో ఉన్న చాకు మీద ఆ గీతల్ని చూడలేదా? చూశాడు. అన్న కొత్త పద్ధతి పట్టాడని మురిసిపోయాడు. అన్న ఇంట్లో ఎడమచేత్తో పనిచేసే మనిషి ఒక్కతే. తన చొక్కాలకి గుండీలు కుట్టిపెట్టిన వదిన.

తెల్లారగానే అన్న ఊరికి బస్సెక్కాడు. దిగి వీధి మలుపు తిరిగేసరికి ఆకురాయి చప్పుడు వినిపించింది. అది అన్న చప్పుడే అనిపించి ఒక్క క్షణం పిచ్చి ఆశ పుట్టింది. తీరా చూస్తే కొలిమి ముందు వదిన కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడింది. ఎడమచేతిలో ఆకురాయి. తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడింది.

"ఓహో, నువ్వా! దారి తప్పావా ఏంటి?"

"నాకు తెలీదు వదినా. అన్న సంగతి నిన్నే తెలిసింది."

"ఆయన చాకు జేబులో పెట్టుకుని తెలీకపోవడమేంటి? మొండిబారిన రోజే తెలిసుంటుంది. తెలిసీ రాలేదు, వీడసలు మనిషేనా అనుకున్నా. ఏడ్చి ఊరుకున్నా."

బైండరు నల్ల పిడి చాకు తీసి ఇనప దాగలి దిమ్మ మీద పెట్టాడు. వదిన చెయ్యి ఆగిపోయింది.

"ఇది నేను చేసిందే" అంది. "ఆయనకి చేతులు వణకడం మొదలయ్యాక సుత్తి నిలిచేది కాదు. పక్కన కూర్చుని చెబుతుంటే నేను చేసేదాన్ని. ఒకరోజు, తమ్ముడికి ఒకటి చేసి పంపవే అన్నాడు. అలాగే, ఒక ఉత్తరం కూడా పెడదాం అన్నా. వద్దన్నాడు. 'వాడి కన్ను నీకు తెలీదు. తెరిచి చూడగానే ఇది అన్న చెయ్యి కాదని పట్టేస్తాడు. అన్న చేతికి ఏమైందోనని పరిగెత్తుకొస్తాడు చూడు' అన్నాడు. పార్సిలు వేసిన రోజునే మంచం వాకిట్లో వేయించుకున్నాడు. బస్సు చప్పుడైతే చాలు, లేచి కూర్చునేవాడు."

బైండరు దాగలి మీదున్న చాకు తెరిచి, వీపున ఎడమవైపు వాలిన గీతల్ని వేలితో తడిమాడు.

"నేను పట్టుకోలేకపోయా వదినా. అన్నదే అనుకున్నా. బాగుందని..."

"బాగుందని?"

అబద్ధం ఆడొచ్చు. ఆ కొలిమి ముందు నోరు రాలేదు. "పాతదానికన్నా ఇదే బాగుందని, పాతది వేరేవాళ్ళకిచ్చేశా."

వదిన ఆకురాయి కింద పెట్టింది. "అంటే ఆయన చాకుని రెండోసారి కూడా తక్కువ చేశావన్నమాట" అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

తల నెరిసిన మనిషి పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఎంత ఏడిస్తే మాత్రం ఏం లాభం? ఆమె ఓదార్చడానికి లేవలేదు. కాసేపయ్యాక బొగ్గులు సర్దుకుంటూ, "ఇక వెళ్ళు, మళ్ళీ బస్సుండదు. ఆ చాకు తీసుకెళ్ళు. పొద్దున్నే కాగితం కోసి చూసుకో. కొయ్యని రోజున వదిన కూడా పోయిందనుకో. రావడం పోవడం ఆ శ్రమంతా నీకెందుకు?" అంది.

బైండరు చాకు తీసుకున్నాడు. మూశాడు. పిడిలో ఒదిగి కూర్చుంది, సందులో వెలుతురు లేదు. గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చి దాన్ని దాగలి మీద పెట్టేశాడు.

"ఇది నా దగ్గరుంటే నేను రాను వదినా. నా సంగతి నాకు తెలుసు. నీ దగ్గరే ఉండనీ."

"నీ ఇష్టం" అంది. తలెత్తలేదు.

ఇంటికొచ్చి ఖాకీ గుడ్డ చుట్ట తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేశాడు. ఆ వారమంతా బైండింగ్ షాపులో దారం తెంపబోయినప్పుడల్లా చెయ్యి చొక్కా జేబులోకి పోయేది. అక్కడ పెన్సిలు తప్ప ఏమీ ఉండేది కాదు. పొద్దున్నే అలవాటుగా కాగితం పోగు పైకెత్తి పట్టుకునేవాడు. ఆనించడానికి చాకు లేదు. వదిన ఉందో లేదో తెలీదు. అంత భయం అతనెప్పుడూ ఎరగడు.

"ఏమే, చాకుల్లేనివాళ్ళకి మనిషి ఉన్నదీ లేనిదీ ఎలా తెలుస్తుందే?" అని ఉండబట్టలేక భార్యని అడిగాడు.

"వెళ్ళి చూస్తారు" అంది ఆమె, ఇత్తడి పిడి చాకుతో ఉల్లిపాయలు చకచకా తరుగుతూ.

మళ్ళీ సెలవు రోజు రాగానే బస్సెక్కాడు. దిగి వీధి మలుపు తిరిగాడు. ఆకురాయి చప్పుడు లేదు. నిలబడి చెవులు రిక్కించాడు. సుత్తి చప్పుడు కూడా లేదు. నడక పెంచాడు, ఆ తర్వాత చెప్పులు చేత పట్టుకుని పరుగందుకున్నాడు. ఆ వయసులో ఆ పరుగు చూసి వీధిలో జనం పక్కకి తప్పుకున్నారు.

వాకిట్లోకి వచ్చి పడేసరికి వదిన ఎదురుగా వస్తోంది, ఎడమచేత్తో నీళ్ళ బకెట్టు పట్టుకుని.

"ఏంటా పరుగు? ఎవరు పోయారు?"

"తెలీదు వదినా" అన్నాడు రొప్పుతూ. "తెలీకే పరిగెత్తా."

ఆమె అతని మొహం వైపు చూసింది. తర్వాత వాకిట్లో ఇంకా ఎవరూ తీయని ఆ ఖాళీ మంచం వైపు చూసింది.

"ఈ పరుగు ఒక్కసారి ఆయన చూసుంటే ఎంత బాగుండేది" అని, బకెట్టు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళింది. తలుపు మాత్రం వెయ్యలేదు.