మా నాయన ట్రాక్టర్‌లో నా భాగం

మా నాయన పోయాక ఆయన ట్రాక్టర్‌ను మా అన్నా తమ్ముడూ పంచుకున్నారు. అమ్మి డబ్బు పంచుకున్నారనుకునేరు, కాదు. ట్రాక్టర్‌నే విప్పి పంచుకున్నారు. ఒకరికి దక్కడం ఇంకొకరికి ఇష్టం లేదు. పెద్దమనుషులు పొద్దంతా విని విని విసిగిపోయి స్పానర్లు తెప్పించారు. ఇంజను అన్న ఆదినారాయణతో జమ్మలమడుగు పోయింది. సీటూ చక్రాలతో వెనక భాగం తమ్ముడు నాగేంద్రతో పులివెందుల పోయింది. నడిమి దాన్ని నేనొకతెను ఉన్నానని ఎవరికీ గుర్తు రాలేదు. మాధవికి ప్రొద్దుటూరులో సంసారం ఉంది కదా, ఇంకేం కావాలని వాళ్ల లెక్క.

నాకు ఒళ్లు మండింది. కొట్టంలో ట్రాక్టర్ హ్యాండిల్ పడి ఉంది. ముందు వైపు దూర్చి తిప్పితే తప్ప ఆ బండి స్టార్టయ్యేది కాదు. దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కాను. చిన్నప్పుడు మైలవరం దగ్గర మా చేలో నాయన ఆ హ్యాండిల్ తిప్పుతుంటే, సీటు మీద కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నది నేను. అన్నకు ఆ చప్పుడంటే భయం. తమ్ముడికి కాళ్లు అందేవి కావు. ఆ బండిలో నాకూ భాగముందని వాళ్ల నోటితో ఒక్కసారి వినాలని నా ఆశ, అదీ నేను అడక్కుండా. ఇంటికొచ్చి హ్యాండిల్‌ను చేతులు కడుక్కునే చోట మేకుకు తగిలించి, దాని మీద టవల్ వేశాను.

అప్పటినుంచీ వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఒకరు వచ్చినప్పుడు ఇంకొకరు రాకుండా మా ఇంటికొచ్చి తినేవాళ్లు, ఆ టవల్‌కే చేతులు తుడుచుకుని పోయేవాళ్లు. దాని కింది హ్యాండిల్ కనిపించనే లేదు, అవేం కళ్లో నాకు తెలీదు.

ఈమధ్య, పాత ట్రాక్టర్లు కొని దాచుకునే బెంగళూరాయన ఒకడు మా అన్న ఇంజను ఫోటో ఫోన్‌లో చూశాడట. పాత బండ్ల గుట్టు తెలిసిన మా ఊరి మెకానిక్ మౌలాలిని పంపించాడు. మౌలాలి జమ్మలమడుగు పోతే, వసారాలో బొట్టూ పూలదండతో ఇంజను దర్శనమిచ్చింది. ఏటా ఆయుధపూజకు దానికి ఒక టెంకాయ, ఒక పూత ఎర్ర రంగు. పులివెందుల పోతే, సీటు కింద కోడి గుడ్లు పొదుగుతోంది. రెండుచోట్లా రంగు గీకి, నెంబర్లు చూసి, ఒకే బండి అని తేల్చాడు.

"ఇడిగా ఉంటే తుక్కేనన్నా. కలిపితే శానా ఇలువైన బండి," అని ఇద్దరికీ చెప్పాడు.

కలపడం ఎక్కడ? జమ్మలమడుగుకు తమ్ముడు రాడు, పులివెందులకు అన్న పోడు. చివరికి ప్రొద్దుటూరులో మౌలాలి షెడ్డుకు తెచ్చారు. తన ముక్కకు తానే కాపలా అన్నట్టు చెరో మూల కుర్చీ వేసుకున్నారు.

"మౌలాలీ, కోళ్ల రెట్ట కడిగి తెస్తే ఏం పోతాండెనో అడుగు," అనేవాడు అన్న.

"ఇంజనుకు ఎర్రరంగు కుమ్మరించిందెవురో ఆయప్పనే అడుగు," అనేవాడు తమ్ముడు.

"ఇద్దరికీ ఇనపడతానే ఉండాది గదన్నా," అని మౌలాలి తన పని చూసుకునేవాడు.

బండి తయారైంది. నాయన నాటి బూడిద రంగు కూడా పడింది. తీరా చూస్తే హ్యాండిల్ లేదు. లేత్ మిషన్ మీద చేయించిన కొత్తది జారి మౌలాలి మోచెయ్యి వాచింది.

"పాతదే కావాలన్నా. దాని గాడీ, ఇంజను పిన్నూ ఒకదానికొకటి అరిగి కుదిరినాయి. బెంగళూరాయన గూడా అసలుదే అడుగుతాండాడు," అన్నాడు.

దాంతో ఇన్నేళ్ల తర్వాత మావాళ్లు నేరుగా మాట్లాడుకున్నారు, తిట్టుకోవడానికే అయినా. ఆ గొడవ షెడ్డులో మొదలై మా ఇంట్లో సంగటి ముద్దల దాకా వచ్చింది.

"ఇంజను నీకొచ్చె. హ్యాండిలు దాంతోనే గదా పోతాది. యాడ పారేసినావు?" అన్నాడు తమ్ముడు.

"నేనెందుకు పారేస్తా? నువ్వే సీటు కింద పెట్టుకోని పోయింటావు," అన్నాడు అన్న. లేచి చెయ్యి కడుక్కుని టవల్‌కు తుడుచుకున్నాడు. వెనకే తమ్ముడూ తుడుచుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆఖరున, వాళ్లతోపాటే తిన్న మౌలాలి కట్టు కట్టిన చేత్తో తుడుచుకోబోతే టవల్ జారి కింద పడింది.

"అక్కా, ఇదేంది?" అన్నాడు.

అన్నా తమ్ముడూ మేకు వైపు చూశారు. హ్యాండిల్‌ను ఈసారి గుర్తుపట్టారు.

"నా భాగం," అన్నాను. "మీరిద్దరూ ఇయ్యల్యా, నేనే తెచ్చుకున్న్యా."

"ఇన్నేండ్లు చెప్పలేదేందక్కా?" అన్నాడు నాగేంద్ర.

"ఇన్నేండ్లు అడగలేదేంది మీరు?"

తమ్ముడు హ్యాండిల్ కోసం చెయ్యి చాపాడు. నేనివ్వలేదు.

"ఇది వస్తే నేనూ వస్తా. సీటు మీద నేను కూచ్చుంటా."

షెడ్డులో నేను సీటెక్కాను. అన్న తిప్పి తిప్పి ఆయాసపడితే తమ్ముడు అందుకున్నాడు. బండి దగ్గింది, పొగ కక్కింది, ఆపైన నాయన చేలో విన్న ఆ చప్పుడే మొదలైంది. నేను బండి కదిలిస్తే, ఇద్దరూ చెరో మడ్‌గార్డు మీదికి ఎగిరి కూర్చున్నారు. అన్న కళ్లు గట్టిగా మూసుకున్నాడు. వయసొచ్చినా భయం పోలేదు.

మైదుకూరు రోడ్డెక్కేలోగా మౌలాలి ఫోన్ పట్టుకుని వెనకే పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, బెంగళూరాయన. బండి ఎవురిదని అడుగుతాండాడు."

"మా ముగ్గురిదని చెప్పు," అన్నాడు అన్న కళ్లు తెరవకుండానే. "మా మాధవి ఒప్పుకుంటేనే అమ్మేది."

నేనింకా ఒప్పుకోలేదు.