పసుపు రంగు ఆది జాకెట్టు

పై అరలోని వాయిల్ తాను అందుకుందామని చెయ్యెత్తగానే కౌసల్య జాకెట్టు చంక కింద పటుక్కున పిగిలింది. బేరానికొచ్చిన కాలేజీ పిల్లలిద్దరూ విన్నారో లేదో గానీ, గల్లాపెట్టె ముందున్న భర్త దామోదర్ విన్నాడు. "తిండి జర తగ్గియ్యమంటె ఇనవ్," అన్నాడు తల ఎత్తకుండానే. కౌసల్య కొంగు వీపు చుట్టూ లాక్కుని, ఏమీ జరగనట్టే తాను విప్పి పిల్లల ముందు పరిచింది.

ఒకమ్మాయి పొడుగ్గా, పీలగా ఉంది. ఆమెకు అడ్డచారలూ అరచేతంత పూలూ తీసింది. రెండో అమ్మాయి పొట్టి, నడుము కింద బరువు. "నీకు నిలువు చారలు బాగుంటాయమ్మా. పూలే కావాలంటే సన్నవి తీసుకో. పైన లేత రంగు, కింద ముదురు రంగు వేసుకో. నైలాన్ వద్దు, ఉబ్బినట్టు కనపడతావు. జార్జెట్ అయితే ఒంటి మీద జారుతుంది," అంది. సూర్యాపేటలో పంజాబీ డ్రెస్సులు అప్పుడప్పుడే కనబడుతున్న ఎనభైల చివరి రోజులవి. ఎవరి ఒంటికి ఏది నప్పుతుందో మనిషి దుకాణం మెట్లెక్కుతుండగానే కౌసల్యకు తెలిసిపోయేది. ఆమె చెప్తే తీసుకుందామని కోదాడ నుంచీ మిర్యాలగూడ నుంచీ బస్సెక్కి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. దామోదర్ మాత్రం పక్క దుకాణాల వాళ్లతో "ఇంట్ల పొద్దుపోక వచ్చి కూసుంటది" అంటాడు. వంటా, అంట్లూ, అత్తగారి కాళ్లకు నూనె మర్దనా ముగించుకుని పరుగెత్తుకొచ్చే మనిషికి పొద్దు ఎక్కడ పోకుండా ఉంటుందో ఆయనకే తెలియాలి.

పిల్లలు పొట్లాలు పట్టుకుని "పోయొస్తం అనసూయమ్మా" అన్నారు. కౌసల్య దిద్దలేదు. బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో 'అనసూయ వస్త్రాలయం' అని ఉంటుంది. లోపలున్న ఆడమనిషే అనసూయ అని ఊరంతా అనుకుంటుంది. అనసూయ దామోదర్ మొదటి భార్య. ఆమె పోయాక తుంగతుర్తి దగ్గరి పల్లె వదిలి వచ్చి ఈ దుకాణం తెరిచారు, తెరిచిన కొత్తలోనే కోదాడ నుంచి కౌసల్యను చేసుకొచ్చారు. అనసూయ గల్లాపెట్టె పైన పటంలో, ప్లాస్టిక్ దండ వెనక ఉంటుంది. కోల ముఖం, ఎత్తయిన బుగ్గ ఎముకలు, ఇంతింత కళ్లు.

"అనసూయ జాజితీగ లెక్కుండె. ఏది కట్టినా అతికినట్టుండేది. నీకు పెద్ద పూలేస్తే గోనెసంచికి రంగేసినట్టుంటది," అంటుంది అత్తగారు కమలమ్మ. దూరపు కొండలు నునుపంటారు. చచ్చిపోయిన వాళ్లకన్నా దూరంగా ఎవరుంటారు? ఇంట్లో మసిగుడ్డ పట్టుకుని తిరిగే మనిషి ఎంత చేసినా ఆ నునుపుకు తూగదు. కౌసల్యకు ఈ సంగతి తెలుసు, తెలిసినా కడుపులో మంట ఆరలేదు. పెళ్లయిన నాటి నుంచీ ఆమె ఒంటి మీద ముదురు రంగులూ సన్న చుక్కలూ తప్ప మరొకటి లేవు. తన ఒంటిని దాచుకోవడం ఆమె అలా నేర్చుకుంది. నేర్చుకున్నదే దుకాణంలో పదిమందికీ చెప్తోంది.

అప్పట్లో అలాంటి ఇళ్ల ఆడవాళ్లు దర్జీ ముందు నిలబడి టేపు పెట్టించుకునేవారు కాదు. సరిపోయిన పాత జాకెట్టొకటి ఆదిగా పంపితే, దర్జీ దాని కొలతకే కొత్తవి కుట్టేవాడు. "నీ ఆది బీరన్న దగ్గర్నే ఉన్నది" అనేది కమలమ్మ. గుడ్డ ఆమే పట్టుకుపోయేది, కుట్టినవి ఆమే తెచ్చేది. అందులో ఒక్కటీ కౌసల్యకు ఊపిరాడనివ్వలేదు. "ఆది గదే, దర్జీ గాయనే. మారిందెవలు? నువ్వే బలుస్తున్నవ్," అంటే ఆ లెక్కను ఆమె నమ్మింది. లోపలి మడతలు విప్పి విప్పి, ఇక విప్పడానికి గుడ్డ మిగలనప్పుడు రాత్రి తిండి మానేసింది. "ఒక పూట మానితె పానం పోదు. కట్టె వంకర పొయ్యే తీరుస్తది," అని కమలమ్మ మెచ్చుకుంది. ఆ ఇంట్లో కౌసల్యకు దక్కిన మెప్పు అదొక్కటే. దానికి ఆశపడి పగటి అన్నం కూడా సగం చేసింది. మనిషి తగ్గుతూనే ఉంది, జాకెట్టు బిగుతుగానే ఉంది. నిచ్చెన ఎక్కితే కళ్లు తిరుగుతున్నాయి. ఒక మధ్యాహ్నం దుకాణం అద్దంలో కోల ముఖం, ఇంతింత కళ్లు కనబడి, అనసూయ వెనక నిలబడిందేమోనని ఉలిక్కిపడి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. ఆ రోజు నుంచీ అద్దం వైపు చూడాలంటే భయం పట్టుకుంది.

పోయినవాళ్ల పేరు మీద బట్టలు పెట్టుకునే పెత్తరమాస దగ్గరపడింది. బతుకమ్మ పండుగకు సరుకు తెస్తానని దామోదర్ హైదరాబాదు పోయాడు. తండా నుంచి పుష్పాబాయి లంగా గుడ్డకు వచ్చింది. భారీ మనిషి. కౌసల్య అలవాటుగా సన్న పూలు తీసి, ఇవైతే ఒళ్లు కనపడదంది. పుష్పాబాయి నడుం మీద చేతులేసుకుని నవ్వింది. "నేనేమన్న దొంగసొమ్మునా సెల్లె, దాసిపెట్టెతందుకు? పెద్ద పూలే సించు. నా సంగతి వదిలెయ్. నువ్వేంది, మంచంబట్టి లేసినదాని లెక్కున్నవ్?" కౌసల్య పెద్ద పూల గుడ్డ చించి ఇచ్చింది.

ఆ సాయంత్రం కమలమ్మకు మోకాళ్లు పట్టేశాయి. దాంతో పండుగ జాకెట్టు గుడ్డ పట్టుకుని మొదటిసారి కౌసల్యే బీరన్న దగ్గరికి వెళ్లింది. గోడ మేకులకు ఊళ్లో ఆడవాళ్ల ఆదులన్నీ వేలాడుతున్నాయి. బీరన్న అందులోంచి ఒక పసుపు రూబియా జాకెట్టు తీశాడు.

"ఇది నాది కాదు. మా అమ్మ పంపింది ఆకుపచ్చది," అంది కౌసల్య.

"ఆకుపచ్చది నాదాంక రాలేదమ్మా. మీ పెండ్లి బట్టలప్పుడు మీ అత్తమ్మ, ఉన్న ఆదికే కుట్టు, ఇంటి కోడలికి ఇంటి కొలతే అన్నది. అప్పట్సంది దీనికే కుడుతున్న."

"ఇది ఎవరిది?"

"మీ అత్తోల్లు పల్లెల ఉన్నప్పుడు దామోదర్ సేటు అర్జెంటుగ కుట్టిపిచ్చిండు. మొదటామెదేనేమొ. నేను మనిషిని సూడలే, చీటి మీద కొలతలు రాసి తెచ్చిండు. ఓ నెలకు ఆదికని ఆయనే తెచ్చి ఇచ్చిండు."

కౌసల్య గుడ్డ ఇవ్వకుండా ఆ జాకెట్టు తీసుకుని దుకాణానికి వచ్చింది. కోపం కన్నా ముందు సిగ్గేసింది ఆమెకు. ఇన్నేళ్లూ తాను అనసూయ జాకెట్టులో దూరడానికి ఆకలి చంపుకుంది, అయినా దూరలేకపోయింది. పటం వైపు చూసి "నువ్వే గెలిచావు తల్లీ" అంది పైకే. జాకెట్టు తిప్పి చూస్తే చంకల్లో చెమట మరకైనా లేదు. ఇంత శుభ్రంగా ఎలా తొడిగేదో అనిపించి, ఆ నునుపుకు మరోసారి కడుపు మండింది.

మర్నాడు ఒక ముసలామె దుకాణం మెట్లెక్కి బోర్డు వైపు చాలాసేపు చూసి లోపలికి వచ్చింది. పెద్ద భుజాలు, కష్టం చేసిన చేతులు. పెత్తరమాసకు బిడ్డ పేరు మీద పెట్టడానికి చీర కావాలంది. "సేటు లేడని తెలుసుకునే వచ్చిన. నేను అనసూయ తల్లిని, మిర్యాలగూడ వెంకటమ్మను. ఇన్నేండ్లు మా ఊర్లనే కొని పెట్టిన. ఈసారి నా బిడ్డ పేరున్న దుకాణంలనే కొందామనిపిచ్చింది. నీ చెయ్యి మంచిదంటున్నరు, నువ్వే తియ్యి బిడ్డా."

చచ్చిపోయిన మనిషి ఒంటికి నప్పే బట్ట తీయాల్సి వస్తుందని కౌసల్య ఎన్నడూ అనుకోలేదు. సన్నటి పొడగరికి తీసేవే తీసింది. అడ్డచారలు, అరచేతంత ఎర్ర పూలు.

"గివి సన్నటోల్లకు గదా," అంది వెంకటమ్మ. "నా బిడ్డ సన్నగ యాడుండె?"

కౌసల్య పటం వైపు చెయ్యి చూపించింది.

"గది దవాఖాన చీటికి దింపిన ఫోటో. పెద్దది చేపిచ్చిన్రు. నా బిడ్డ నా లెక్కుండె. వడ్లబస్త ఒక్కతే ఎత్తేది. ఈ ఇంటికొచ్చినంక లావున్నవ్ లావున్నవ్ అని మీ అత్త ఒక పూట తిండి బంద్ పెట్టిచ్చింది. నా బిడ్డ సుత వట్టి మంకుది, రెండో పూట దానంతట అదే మానేసింది. ఇగ తర్వాత ఆకలే సచ్చిపోయింది బిడ్డా. తిన్నది నిలువలే. నాకు కబురొచ్చేటాల్లకు కట్టెపుల్లయింది."

కౌసల్య గల్లాపెట్టె వెనక నుంచి పసుపు జాకెట్టు తీసి ముందు పెట్టింది. వెంకటమ్మ దాన్ని ఒక్క చూపులో గుర్తుపట్టింది. ఏడవలేదు, చేత్తో నిమిరింది. "హైదరాబాదు దవాఖానకు తీస్కపోతానికి, ఉన్న రవికెలన్ని ఒంటి మీద నిలుస్తలేవని గిది కుట్టిపిచ్చిన్రు. నేనే తొడిగిన. ఒక్కనాడే. ఇది నీదగ్గరెట్లున్నది?"

కౌసల్య చెప్పింది. చెప్తుంటేనే ఆమెకూ లెక్క తేలింది. చావుకు నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషి కొలత ఈ ఇంటి కోడలి కొలత అయింది. దాని వైపే తానూ రోజుకో ముద్ద తగ్గించుకుంటూ నడుస్తోంది. అనసూయ గెలవలేదు. తనకన్నా ముందు ఈ దారిన వెళ్లింది, అంతే. అద్దంలో కనబడి భయపెట్టిందనుకుంది ఇన్నాళ్లూ. పాపం, వెనక్కి పొమ్మని చెప్పడానికే వచ్చిందేమో.

వెంకటమ్మ సంచిలోంచి జొన్నరొట్టె మూట విప్పింది. "తిను," అంది. కౌసల్య వద్దనలేదు. రొట్టెలూ ఎల్లిపాయ కారం, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా కడుపునిండా తింది. చెయ్యి కడుక్కుని వచ్చి ఎర్ర పూల తానే మళ్లీ ముందుకు లాగింది. "లావైతేనేం అమ్మా, పెద్ద పూలే పెట్టు. ఆమె ఇంకా ఏం దాచుకోవాలి?" అని ఒక చీర చించింది. అదే తానులోంచి తనకొకటి చించుకుంది. పసుపు జాకెట్టు మడిచి వెంకటమ్మ సంచిలో పెట్టింది.

దామోదర్ తిరిగొచ్చిన రోజు కౌసల్య ఎర్ర పూల చీర కట్టుకుని, జాకెట్టు గుడ్డ చేతపట్టుకుని దుకాణం మెట్లు దిగబోయింది. ఆయన పైనుంచి కిందికి చూశాడు. "గదేంది? నీకు నప్పుతదా అది? గుడ్డ మా అమ్మకియ్యి, ఆది బీరన్న దగ్గరున్నది గద."

"లేదు. తల్లికి ఇచ్చేశాను."

"ఎవల తల్లికి?"

"అనసూయ తల్లికి," అంది కౌసల్య. ఆయన చెయ్యి గల్లాపెట్టె మీదే ఆగిపోయింది. ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

బీరన్న గోడ మీది ఖాళీ మేకు చూసి, "ఆది తెచ్చినవా అమ్మా?" అన్నాడు.

"తెచ్చాను. నేనే వచ్చాను, కొలువు."

బీరన్న బిత్తరపోయి భార్యను పిలిచాడు. ఆమె లోపలి నుంచి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి టేపు అందుకుని, "చేతులెత్తమ్మా," అంది. కౌసల్య రెండు చేతులూ ఎత్తింది. చంక కింద కుట్టు మళ్లీ పటుక్కుమంది. ఆమె చేతులు దించలేదు.